కంట్లో కండ, ఒక నిమిషం కరెంటు

మా వైపు దీన్ని "కంట్లో కండ పెరిగింది" అంటారు. తెల్లగుడ్డు మీద, ముక్కు వైపు మూల నుంచి ఎర్రగా ఒక పొర మొదలై, త్రికోణం ఆకారంలో నల్లగుడ్డు మీదకి పాకుతుంది. డాక్టర్లు టెరీజియం అంటారు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ముందు ఒక 'పి' ఉంటుంది, పలికేటప్పుడు ఉండదు, సైకాలజీలో లాగే. గ్రీకులో రెక్క అని అర్థమట. చూస్తే నిజంగానే ఈగ రెక్కలా ఉంటుంది. ఇది కేన్సర్ కాదు, ప్రాణం తియ్యదు. కానీ పాకుతూ పాకుతూ కంటిపాప దాకా వస్తే చూపుకి అడ్డం పడుతుంది. అంతకన్నా ముందే నల్లగుడ్డు వంపుని లాగేసి, కళ్ళద్దాల చీటీలో 'సిలిండర్' అనే గడిలో అంకె పెంచేస్తుంది.

ఏసీ గదుల్లో కూర్చుని కోడు రాసుకునే మనలాంటివాళ్ళకి ఇది తక్కువ. మనకొచ్చేవి కళ్ళు ఎండిపోవడం, మెడనొప్పి, అప్రైజలూ :) ఇది ఎండలో బతికేవాళ్ళ జబ్బు. రైతులు, జాలర్లు, తాపీ మేస్త్రీలు, లారీ డ్రైవర్లు... మా పెదనాన్న లాగా ఉప్పు కొఠార్లలో పనిచేసేవాళ్ళు.

చెన్నై రైల్లో వెళ్ళేవాళ్ళు చినగంజాం దగ్గర కిటికీలోంచి చూసే ఉంటారు. మళ్ళు మళ్ళుగా ఉప్పు నీళ్ళు, గట్ల పక్కన తెల్లటి గుట్టలు. రైల్లోంచి చాలా అందంగా ఉంటుంది. అక్కడ ఎండాకాలమే పంటకాలం. మనం గొడుగు తీసే వేళకి వాళ్ళు గొర్రు పట్టుకుని మడిలో దిగుతారు. నెత్తిన తలపాగా ఉంటుంది నిజమే, కానీ ఉప్పు మీద పడి కిందనుంచి తిరిగొచ్చే వెలుతురుకి తలపాగా ఏం చేస్తుంది?

ఇక్కడ ఒక చిన్న చమత్కారం ఉంది. ఈ కండ దాదాపు ఎప్పుడూ ముక్కు వైపే ఎందుకు మొదలవుతుంది? ముక్కు నీడ పడేది అక్కడే కదా, నిజానికి అటు తక్కువ రావాలి. సిడ్నీ కంటి డాక్టరు మినాస్ కొరోనియో 1990లలో దీనికి ఒక వివరణ ఇచ్చారు. చెవి వైపు నుంచి ఏటవాలుగా వచ్చే అతినీలలోహిత కిరణాలు నల్లగుడ్డులోకి దూరి, అది భూతద్దంలా పనిచేసి, అటువైపు అంచు దగ్గర, అంటే ముక్కు వైపు, ఒక చుక్క మీదకి చేరుస్తుందని. చిన్నప్పుడు మనం భూతద్దం పెట్టి కాగితం కాల్చాం చూడండి, అదే. ముక్కు వైపు నుంచి ఎదురు ప్రయాణం జరగదు, ముక్కు అడ్డం కాబట్టి. కాబట్టి ముందునుంచి మాత్రమే కాపాడే కళ్ళద్దాలు సరిపోవు, పక్కలు కూడా మూసేవి కావాలి.

ఇంకో చమత్కారం. సుశ్రుత సంహితలో దీని పేరు 'అర్మ'. ఐదు రకాలు చెప్పారు. కొయ్యబోయే ముందు కంట్లో ఉప్పు పొడి వేసి ఆ పొరని రెచ్చగొట్టి వదులు చెయ్యాలి, తర్వాత కొక్కెంతో ఎత్తి పట్టుకుని కొయ్యాలి. మత్తుమందు లేని కాలం! మా పెదనాన్నకి ఈ సంగతి చెబితే, "ఉప్పు వల్లే వచ్చింది, ఉప్పేసే తీశారన్నమాట" అన్నాడు.

సరే, అసలు విషయానికొస్తాను.

పెదనాన్నకి కుడి కంట్లో కండ మొదటిసారి 1993లో తీశారు, ఒక శిబిరంలో. రెండేళ్ళు తిరక్కుండా మళ్ళీ వచ్చింది, మొదటిదానికన్నా లావుగా. ఈ జబ్బుకి ఇది మామూలే. కోసేసి అక్కడి తెల్లగుడ్డుని అలాగే ఖాళీగా వదిలేసే పాత పద్ధతి ఒకటుంది, అందులో తిరిగి రావడం చాలా ఎక్కువ. మూడింట ఒకరికి అన్నవాళ్ళున్నారు, మూడింట ఇద్దరికి అన్నవాళ్ళూ ఉన్నారు. కోసిన గాయమే కింద ఉన్న కణాలకి "పెరగండర్రా" అని చెప్పినట్టవుతుంది. తిరిగొచ్చింది మొదటిదానికన్నా మొండిది.

1996లో ఊరు దాటి ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మళ్ళీ కోశారు. కోసిన తర్వాత, ఆయన మాటల్లోనే చెప్పాలంటే, "ఏందో పెన్ను లాంటిది తెచ్చి కంటికి ఆనించి ఒక నిమిషం కరెంటు పెట్టారు. నొప్పేం లేదు. వారం ఆగి ఇంకోసారి, ఇంకో వారానికి ఇంకోసారి." ఆ తర్వాత ఆ కంట్లో కండ మళ్ళీ రాలేదు. ఇరవై ఏడేళ్ళు రాలేదు.

రేడియేషన్‌ని మనవాళ్ళు "కరెంటు పెట్టడం" అంటారు. ఎవరు పుట్టించారో గానీ, ఆ మాటతో వచ్చిన చిక్కు ఏంటంటే, కరెంటు అంటే స్విచ్చి ఆపగానే అయిపోయేది అనిపిస్తుంది.

2023లో పెదనాన్నకి ఎడమ కన్ను మసకగా ఉందంటే హైదరాబాదు తీసుకొచ్చాం. ఎడమ కంట్లో కొత్తగా కండ. దానికోసమే వెళ్ళాం. డాక్టరుగారు ఎడమ కన్ను చూసి, ఊరికే కుడి కన్ను కూడా లైటు కింద పెట్టి చూసి, అక్కడ ఆగిపోయారు. చాలాసేపు చూశారు. "పెద్దాయనా, ఈ కంటికి ఎప్పుడో రేడియేషన్ ఇచ్చారా?" అన్నారు. పెదనాన్నకి ఆ మాట తెలీదు. "కరెంటు పెట్టారండీ" అన్నాడు. ఆవిడ తలూపి, నన్ను పిలిచి స్క్రీన్ మీద చూపించారు. ముక్కు వైపు, పాత ఆపరేషన్ జరిగిన చోట, తెల్లగుడ్డు తెల్లగా లేదు. పెసరగింజంత మేర బూడిద నీలంగా ఉంది. అది మచ్చ కాదు. గుడ్డు గోడ పలచబడి, లోపలి నల్లటి పొర బయటికి కనబడుతోంది. దాని నడుమ సున్నం చుక్కలా తెల్లగా, గట్టిగా ఒకటి.

"ఏ రేడియేషన్? ఎంత డోసు? కాగితాలున్నాయా?" అని ఆవిడ అడిగిన మూడు ప్రశ్నలకీ మా దగ్గర జవాబు లేదు. ఆ ఆసుపత్రికి అన్నయ్య ఫోన్ చేస్తే, అంత పాత రికార్డులు ఉంచమన్నారు.

ఇక మనం ఇంజనీర్లం కాబట్టి ఆ పెన్ను సంగతి కాస్త వివరంగా. దాని చివర రూపాయి బిళ్ళకన్నా చిన్న రేకు, అందులో స్ట్రాన్షియం-90. అణు రియాక్టర్లో యురేనియం చీలితే వచ్చే పదార్థాల్లో ఇదొకటి. ఇది బీటా కణాన్ని వదిలి ఇట్రియం-90 అవుతుంది, అదీ రేడియోధార్మికమే, ఇంకా జోరుగా బీటా కణం వదిలి చల్లారుతుంది. అసలు పని చేసేది ఈ రెండోదే. బీటా అంటే ఎలక్ట్రాన్. కంటి కణజాలంలోకి కొన్ని మిల్లీమీటర్ల కన్నా పోదు, ఒకటిన్నర మిల్లీమీటర్ల లోతుకే సుమారు సగం అయిపోతుంది. ఎక్స్‌రేలైతే వెనకున్న కటకం దాకా పోయి శుక్లం తెప్పిస్తాయి, ఇది అంత దూరం పోయేసరికి చాలామటుకు అలసిపోతుంది. పైపొరని కాల్చాలి, లోపలికి పోకూడదు. అలాంటి అవసరానికి కాగితం మీద ఇంతకన్నా చక్కటి పరిష్కారం లేదు. 1950 ప్రాంతంలో ఈ పనిముట్లు వచ్చినప్పుడు డాక్టర్లు ఎందుకు సంబరపడ్డారో నాకు అర్థమవుతుంది.

దీంట్లో మనవాళ్ళకి నచ్చే చిక్కు ఇంకోటుంది. స్ట్రాన్షియం-90 అర్ధాయువు సుమారు 29 ఏళ్ళు. అంటే ఏడాదికి రెండున్నర శాతం దాకా బలం తగ్గుతూ ఉంటుంది. కొత్తలో 30 సెకన్లు పెడితే వచ్చే డోసు, ఇరవైతొమ్మిదేళ్ళకి 60 సెకన్లు పెడితే గానీ రాదు. కాబట్టి పక్కన ఒక పట్టిక ఉండాలి, ఎవరో ఒకరు ఏటా దాన్ని మార్చాలి. ఆ "ఎవరో ఒకరు" అనే మాట వింటే సపోర్ట్ ప్రాజెక్టుల్లో చేసినవాళ్ళెవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. ఊరికే అనట్లేదు. 1996లోనే అమెరికా అణు నియంత్రణ కమిషన్ ఈ కంటి పనిముట్ల గురించి ప్రత్యేకంగా హెచ్చరిక నోటీసు పంపింది, క్యాలిబ్రేషన్ తప్పుల వల్ల పేషంట్లకి అనుకున్నది ఒకటి, పడుతున్నది ఇంకోటి అని. రేడియేషన్ యంత్రం అనగానే మనకి థెరాక్-25 గుర్తొస్తుంది, 1985-87 మధ్య సాఫ్ట్‌వేర్ లోపంతో ఆరుగురికి విపరీతమైన డోసులు పడిన కథ, కాలేజీలో చదువుకున్నదే. ఇక్కడ సాఫ్ట్‌వేరే లేదు. ఒక గడియారం, ఒక పట్టిక. అయినా అదే కథ.

పెదనాన్నకి డోసు తప్పు పడిందని నేననడం లేదు. సరైన డోసుకే ఇలా జరగొచ్చు. అదే నేను చెప్పదల్చుకున్నది.

ఆ పలచబడటం ఎలా జరుగుతుందంటే... తెల్లగుడ్డు గోడకి సొంతంగా రక్తనాళాలు తక్కువ, పైనున్న పల్చటి పొర మీద ఆధారపడి బతుకుతుంది. పాత పద్ధతిలో ఆ పొరని కోసి తీసేశారు, రక్తం ఆగడానికి అక్కడ కాల్చారు, ఆపైన రేడియేషన్ ఇచ్చారు. కండని పెంచే కణాలు చచ్చాయి, బాగానే ఉంది. కానీ గోడని మరమ్మతు చేసే కణాలూ అవే జాతివి. చిన్న రక్తనాళాలు కూడా మెల్లమెల్లగా, ఏళ్ళ తరబడి, మూసుకుపోతాయి. గోడ ఎండుతుంది, అరుగుతుంది, సున్నం పడుతుంది. ఆ సున్నం చుట్టూ సూక్ష్మజీవులు చేరితే కన్నే పోయేంత ఇన్ఫెక్షన్.

ఇదంతా ఎవరికీ తెలీకుండా పోలేదు. 1980లోనే ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి టార్, కాన్‌స్టబుల్ అనే డాక్టర్లు కండ ఆపరేషన్ తర్వాత ఎప్పటికో బయటపడే చెరుపుల గురించి రాశారు. ఎండ ఎక్కువున్న దేశం, అక్కడ ఈ జబ్బూ ఎక్కువే, ఈ వైద్యమూ ఎక్కువే. 1991లో ఆ దేశం నుంచే వచ్చిన ఇంకో అధ్యయనంలో రేడియేషన్ ఇచ్చి పదేళ్ళు దాటినవాళ్ళని వెనక్కి పిలిచి చూశారు. కండ తిరిగొచ్చినవాళ్ళు సుమారు 12 శాతం. గోడ పలచబడినవాళ్ళు సుమారు 13 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ జబ్బు రాకుండా ఆపడానికి ఇచ్చామో అది ఎంతమందికి వచ్చిందో, ఇచ్చినందువల్ల వచ్చింది కూడా ఇంచుమించు అంతమందికే.

ఇక 2004లో నెదర్లాండ్స్ నుంచి ఒక పరీక్ష ఫలితం వచ్చింది. చాలా పద్ధతిగా చేశారు. సగం మందికి ఆపరేషన్ తర్వాత ఒక్కసారి 25 గ్రేల డోసు, మిగతా సగానికి ఉత్తుత్తి రేడియేషన్. ఎవరికి ఏదో పేషంటుకీ తెలీదు, తర్వాత చూసే డాక్టరుకీ తెలీదు. రేడియేషన్ పడినవాళ్ళలో 93 శాతానికి కండ తిరిగి రాలేదు. పడనివాళ్ళలో 33 శాతానికే రాలేదు. ఇంత తేడా ఉన్న ఫలితం చూస్తే ఎవరైనా రేడియేషన్ ఇచ్చేస్తారు. కానీ రెండు సంగతులు చూడాలి. ఒకటి, వాళ్ళని గమనించింది సగటున ఏడాదిన్నర. కండ తిరిగొచ్చేది ఎక్కువగా మొదటి ఏడాదిలోనే కాబట్టి ఆ లెక్కకి అది సరిపోతుంది, కానీ గోడ పలచబడేది పదేళ్ళకీ ఇరవయ్యేళ్ళకీ. రెండోది, రెండు గుంపులకీ చేసిన ఆపరేషన్ ఆ పాత పద్ధతే, ఖాళీగా వదిలేసేది. బెంచ్‌మార్క్ కోసం పోటీకి నిలబెట్టింది బలహీనుణ్ణి.

బలమైన పోటీదారు అప్పటికి ఇరవయ్యేళ్ళ ముందే ఉంది. 1985లో కెన్యన్, ఆయన సహచరులు కలిసి అమెరికా నుంచి ఒక పద్ధతి రాశారు. కండ తీసిన ఖాళీలో అదే కంటి పైభాగం నుంచి, కనురెప్ప కింద ఎండ తగలకుండా దాక్కున్న మంచి పొరని చిన్న ముక్క తీసి అతికించడం. అందులో తిరిగొచ్చింది సుమారు 5 శాతం. రేడియేషన్ లేదు. తర్వాత కుట్లు లేకుండా ఫైబ్రిన్ జిగురుతో అతికించడమూ వచ్చింది, రక్తం గడ్డకట్టే పదార్థంతోనే చేసిన జిగురు. (మధ్యలో మైటోమైసిన్ అనే కేన్సర్ మందు చుక్కల ముచ్చటా నడిచింది. 1992 నాటికి దాంతోనూ గోడ కరగడం, కంటికి చిల్లు పడటం గురించి రాశారు. ఇప్పుడు వాడేవాళ్ళు ఎంతో జాగ్రత్తగా, తక్కువ మోతాదులో వాడతారు.)

అయితే 1996లో పెదనాన్నకి ఆ అతికించే పద్ధతి ఎందుకు చెయ్యలేదు? అన్నయ్యది ఈ ప్రశ్నే. కేసు వెయ్యాలంటాడు. నాకు అంత సూటిగా తోచడం లేదు. పొర తీసి అతికించడానికి మైక్రోస్కోపు కావాలి, చెయ్యి తిరిగిన డాక్టరు కావాలి, ఒక్కో కంటికి మామూలు ఆపరేషన్ కన్నా ఎన్నో రెట్లు సమయం కావాలి. బయట వరండాలో శుక్లాలవాళ్ళు ఎంతమంది కూర్చునుంటారో మనకి తెలుసు. అప్పటికే ఒకసారి తిరిగొచ్చిన కండ. ఒక నిమిషంలో అయిపోయే పెన్ను చేతిలో ఉంది. ఆ స్థానంలో ఉన్న మనిషి అది తియ్యడం నాకు అర్థమవుతుంది. నాకు మింగుడుపడనిది వేరే. రేడియేషన్ ఇచ్చారని, ఎంత ఇచ్చారని ఒక చీటీ ముక్క పెదనాన్న చేతికి ఇవ్వకపోవడం. "ఏడాదికోసారి ఎవరికైనా చూపించుకో" అని ఒక్క మాట చెప్పకపోవడం. ఏడాది తర్వాత వెళితే కండ రాలేదు, బాగుంది అన్నారు, ఫైలు మూసేశారు. వారంటీ ఏడాది పెట్టి, పాడయ్యేది ఇరవయ్యో ఏట అయితే, ఆ కంపెనీ లెక్కల్లో పాడైన సరుకే ఉండదు.

ఇప్పుడు అసలు ఇరకాటం. ఎడమ కంటికి ఆపరేషన్ అనగానే పెదనాన్న ఒకటే పట్టు. "ఆ కరెంటే పెట్టించండి. కొయ్యడం ఒక్కటే చేస్తే మళ్ళీ వచ్చింది, కరెంటు పెట్టాక రాలేదు. నాకు తెలీదా?" ఆయన తర్కంలో తప్పేముంది చెప్పండి. ఆయన దగ్గర రెండు ప్రయోగాలున్నాయి, ఒకటి ఫెయిలు, ఒకటి పాసు. డచ్చి వాళ్ళ పరీక్ష కూడా అదే చెప్పింది కదా. కుడి కంట్లో నీలం మచ్చ ఆయనకి కనపడదు, నొప్పి లేదు, చూపు ఉంది. ఉన్న కన్నుని పట్టుకుని పాడైందంటున్నారని ఆయన కోపం. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు, పెద్దమ్మ చెప్పింది, నేను బొమ్మ గీసి చెప్పాను. వినలేదు. రెండు నెలలు అలాగే గడిచాయి. ఆ రెండు నెలలూ కండ నల్లగుడ్డు మీద ముందుకి జరుగుతూనే ఉంది.

చివరికి ఒకరోజు ఫోన్లో నేను, ఆ కరెంటు కండ వేళ్ళని చంపింది గానీ గోడని పట్టి ఉంచే వేళ్ళని కూడా చంపేసింది పెదనాన్నా అంటే, కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గట్టు మీద గడ్డిమందు కొట్టినట్టా?" అన్నాడు. ఉప్పు మళ్ళ దగ్గరైనా, పొలం దగ్గరైనా గట్టు మీద గడ్డి విసిగిస్తుందని మందు కొడితే ఆ ఏడాది గట్టు శుభ్రంగా ఉంటుంది. రెండు మూడు వానలకి గట్టు కరిగిపోతుంది, మట్టిని పట్టుకునే వేరు లేక. నేను నెలల తరబడి పేపర్లు చదివి చెప్పలేకపోయిన దాన్ని ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. మర్నాడు ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు.

ఇదంతా చదివి, కంటికి రేడియేషన్ అంటేనే వద్దనేసేరు, అది నా ఉద్దేశం కాదు. కేన్సర్ అయితే బేరం పూర్తిగా వేరు. కంటి లోపల వచ్చే మెలనోమా అనే కేన్సర్‌కి ఒకప్పుడు కన్ను తీసెయ్యడమే వైద్యం. ఆపరేషన్ చేసి, రేడియోధార్మిక పదార్థం ఉన్న చిన్న గిన్నె లాంటి రేకుని గుడ్డు వెనక గోడకి కుట్టి, కొన్ని రోజులుంచి, మళ్ళీ ఆపరేషన్ చేసి తీసేసే పద్ధతి వచ్చింది. అమెరికా, కెనడాల్లో 1317 మంది పేషంట్లతో చేసిన పరీక్ష ఫలితం 2001లో వచ్చింది. కన్ను తీసేసినవాళ్ళలోనూ, అయోడిన్-125 రేకు పెట్టినవాళ్ళలోనూ అయిదేళ్ళకి బతికున్నది దాదాపు సమానం, ఎనభై శాతం పైచిలుకు. అంటే కన్ను ఉంచుకుని కూడా అంతే బతకొచ్చు. అక్కడా రేడియేషన్ వల్ల ఏళ్ళ తర్వాత రెటీనా దెబ్బ తినడం ఉంది, కానీ అవతల పళ్ళెంలో ప్రాణం ఉంది. తెల్లగుడ్డు మీద వచ్చే కేన్సర్లలో కూడా కోసిన తర్వాత లోతుగా ఏమైనా మిగిలిందనుకుంటే ఇలాంటి రేకులు వాడతారు. మన భాభా అణు పరిశోధన కేంద్రం రుథీనియం-106తో ఈ రేకులు దేశంలోనే తయారుచేసింది, 2020లో హైదరాబాదులో ఒక కంటి ఆసుపత్రిలో వాడారు కూడా. వాడేసిన అణు ఇంధనంలోంచి తీసిన పదార్థం ఒక మనిషి కన్ను నిలబెట్టడం, నాకైతే భలే అనిపించింది.

పిల్లల్లో వచ్చే రెటినోబ్లాస్టోమాలో మాత్రం లెక్క ఇంకోలా తిరిగింది. బయటినుంచి ఇచ్చే రేడియేషన్ చాలామంది పిల్లల్ని కాపాడింది. కానీ వంశపారంపర్యంగా వచ్చిన పిల్లల్లో, రేడియేషన్ పడిన చోట ఎముకల్లో, కండరాల్లో పెద్దయ్యాక ఇంకో కేన్సర్ రావడం మొదలైంది. అందుకే 1990ల నుంచి ముందు కీమో ఇచ్చి, రేడియేషన్‌ని వీలైనంత వెనక్కి నెట్టారు. అక్కడ ఆ సంగతి బయటపడింది ఎందుకంటే ఎవరో ఆ పిల్లల్ని ముప్పై నలభై ఏళ్ళు వదలకుండా లెక్కలు రాసుకున్నారు.

ఎడమ కంటికి 2024 జనవరిలో ఆపరేషన్ అయింది. పై రెప్ప కింద నుంచి పొర తీసి జిగురుతో అతికించారు. తీసిన కండని ల్యాబుకి పంపారు, ఇది అడగాల్సిన విషయం, ఎందుకంటే కండలా కనిపించే కేన్సర్ ఒకటుంది, పైకి చూస్తే తేడా తెలీకపోవచ్చు. రిపోర్టు మంచిదే వచ్చింది. 2025 చివర్లో ఇది రాసే నాటికి అది తిరిగి రాలేదు, అయినా డాక్టరుగారు ఇంకా పూర్తిగా సంబరపడొద్దనే అంటున్నారు. కుడి కంటికి ప్రస్తుతం ఏమీ చెయ్యడం లేదు. కన్నీళ్ళ చుక్కలు, ఆరునెలలకోసారి కొలత, ఎర్రబడినా నొప్పొచ్చినా అదే రోజు బస్సెక్కాలి. ఇంకా పలచబడితే దాత కంటి గోడ ముక్కని అక్కడ అతుకు వేస్తారట.

ఉప్పు పని మానమంటే మానలేదు. పక్కలు మూసిన కళ్ళద్దాలు కొనిచ్చాను, ఉప్పు మరకలు పడి రెండు నెలలకే గుడ్డి అద్దాలయ్యాయి, ఇంకో జత పంపాను. ఒక ఏ4 కాగితం మీద తెలుగులో, ఇంగ్లీషులో రాసి ప్రింటు తీశాను. కుడి కన్ను, 1996, కండ ఆపరేషన్ తర్వాత మూడుసార్లు రేడియేషన్, బహుశా స్ట్రాన్షియం-90, డోసు తెలీదు, గోడ పలచగా ఉంది, గట్టిగా నొక్కి పరీక్షించవద్దు. డాక్టరుగారు చూసి కింద సంతకం పెట్టి స్టాంపు వేశారు. పెదనాన్న దాన్ని లామినేషన్ చేయించి, పట్టాదారు పాస్‌బుక్ ఉన్న ట్రంకుపెట్టెలో పెట్టాడట. పెట్టెలో కాదు, జేబులో పెట్టుకోవాలి అని పెద్దమ్మకి చెప్పాను. "జేబులో పెడితే ఉప్పునీళ్ళకి తడుస్తుందంట రా" అంది. రెండో కాపీ పంపుతున్నాను.